నిండు ఆకు మడిచిన డ్రైవరు

మా గోదావరి జిల్లాల్లో మనిషిని చంపడానికి కత్తి అక్కర్లేదు, గరిటె చాలు. ఈ మాట నేను డిపోలో నలుగురి ముందు అన్నప్పుడు పెద్దవాళ్లు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి. రిటైరయ్యాక కూడా మెత్తగా మాట్లాడాలని నాకేమీ రూలు లేదు.

కొత్తగా కండక్టర్లుగా, డ్రైవర్లుగా చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. టికెట్ మిషను ఎలా వాడాలో, ఘాట్‌లో బ్రేకు ఎలా వేయాలో మీకు శిక్షణలో చెబుతారు. భోజనానికి బస్సు ఆపిన చోట ప్రాణాలతో ఎలా బయటపడాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది నేను చెబుతాను.

నేను కండక్టరుగా చేసింది తాడేపల్లిగూడెం డిపోలో. చివరి ఏళ్లలో నాకు హైవే సర్వీసు పడింది. పొద్దున్నే డిపోలో బయల్దేరి విజయవాడ వెళ్లడం, అక్కణ్ణుంచి ఏలూరు మీదుగా కాకినాడ వెళ్లి, తిరిగి డిపోకి రావడం. ఒకరోజు డ్యూటీ, మర్నాడు రెస్టు. విజయవాడ నుంచి వచ్చేటప్పుడు మధ్యాహ్నం గుండుగొలను దగ్గర హైవే పక్కనున్న ఒక హోటల్లో భోజనానికి ఆగేవాళ్లం.

ఈ హోటళ్ల ఆచారం మీకు తెలియంది కాదు. బస్సు ఏ హోటల్ ముందు ఆగాలన్నది డ్రైవరు ఇష్టం. బస్సు ఆగితే బస్సెడు మంది దిగి తింటారు. అందుకని డ్రైవరుకి లోపల వేరే గది, వేరే బల్ల, వేరే వంట. బయట ప్రయాణికులకు నీళ్ల సాంబారు పోస్తారు, లోపల డ్రైవరుకి కొరమేను పులుసు, రొయ్యల వేపుడు, గిన్నెడు నెయ్యి, గడ్డపెరుగు, పైన పూతరేకు. పైసా పుచ్చుకోరు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు మర్యాద. కండక్టరుకీ అదే మర్యాద, మగవాడైతే. నాలాంటి ఆడ కండక్టరుకి ఆ గదిలో చోటుండేది కాదు. చేతులు కడుక్కునే తొట్టి పక్కన ఒక స్టూలు వేసి కూర్చోండమ్మా అన్నారు. ఆ స్టూలు చూడగానే నాకు ఒళ్లు మండింది. తర్వాతి డ్యూటీ నుంచి ఇంటి దగ్గర్నుంచే క్యారియరు తెచ్చుకుని బస్సులో కూర్చుని తిన్నాను.

నాతో చేసిన డ్రైవరుది గణపవరం వైపు రైతు కుటుంబం. వయసులో నాకంటే పెద్ద. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవారు. అంత నెమ్మదైన మనిషిని నేను చూడలేదు. అడ్డంగా వచ్చిన గేదెను కూడా 'మీరు' అని పిలిచేవారేమో అని నవ్వుకునేవాళ్లం. ఉద్యోగంలో చేరినప్పటి ఫొటోలో పుల్లలా ఉన్నారు. ఆ లోపలి గదిలో ఏళ్ల తరబడి కూర్చుని లేచేసరికి, స్టీరింగుకీ పొట్టకీ మధ్య చెయ్యి దూరనంతగా తయారయ్యారు.

ఆయన తిండిపోతు కాదు. ఈ సంగతి మీరు నమ్మాలి. ఆయనకి వద్దనడం రాదు, అంతే. అసలు మనవైపు వద్దంటే ఎవరు నమ్ముతారు? "చాలండీ" అంటే అది మొహమాటమనుకుని ఒక గరిటె వేస్తారు. "అయ్యో చాలండీ" అంటే ఇంకో గరిటె. ఆకు మీద చేతులు అడ్డం పెట్టి ముందుకు వంగిపోతే, చేతివేళ్ల సందుల్లోంచి పులుసు పోస్తారు. ఆ పోసినవాణ్ని చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకుంటారు కూడాను.

ఒకరోజు అలాగే పొట్ట పగిలేలా తినిపించి పంపారు. కైకరం దాటాక నేను వెనకసీట్లలో టికెట్లు చూస్తున్నాను. బస్సు మెల్లగా ఎడమకి జరుగుతోంది. ముందు ఏదో బండిని తప్పిస్తున్నారనుకున్నాను. చక్రం రోడ్డు అంచు దిగి కంకర మీద గరగరమంది. చూస్తే పక్కన కాలువ. ముందుకి పరుగెత్తుకెళ్లి "అన్నయ్యగారూ!" అని నేను అరిచిన అరుపుకి బస్సులో పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆయన ఉలిక్కిపడి స్టీరింగు తిప్పారు. బస్సు నిలబడింది. ప్రయాణికుల్లో సగం మందికి ఏం జరిగిందో కూడా తెలియదు.

ఆయన కిందికి దిగి, బస్సు వెనక్కి వెళ్లి, టైరు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. నేను తిట్టడానికే వెళ్లాను.

"కన్ను మూతపడిందమ్మా. నాకు తెలియనే లేదు. బస్సులో ఎంతమంది పిల్లలున్నారు చెల్లెమ్మా?" అన్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఏలూరులో డ్రైవర్లకి వైద్య పరీక్షలు జరిగాయి. డాక్టరు ఆయన్ని త్రాసు ఎక్కించి, రక్తం చూసి, సుగరు, బీపీ, నిద్రలో గురక అన్నీ అడిగి, దసరా వెళ్లేదాకా గడువిచ్చాడు. ఈలోగా బరువు తగ్గితే సరే, లేకపోతే స్టీరింగు దింపేస్తానన్నాడు. దింపేస్తే ఏం చేయిస్తారో మీకు తెలుసు. డిపో గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చే బస్సులూ పోయే బస్సులూ చూస్తూ కూర్చోమంటారు. బస్సు తోలడం తప్ప మరో గొప్ప ఎరగని మనిషి. ఆ కుర్చీ తలుచుకునే సగం చచ్చిపోయారు.

మర్నాటి నుంచీ మొదలుపెట్టారు. పెద్ద మంత్రమేమీ లేదు, ఆ డాక్టరు చెప్పిందే. కంచంలో ముందు కూరలు, తర్వాత కొంచెం అన్నం. నెయ్యి, తీపి బంద్. టీలో పంచదార బంద్. ఇంట్లో మొదటి యుద్ధం జరిగింది. అన్నం సగానికి తగ్గించమంటే వాళ్లావిడ నా వంట రోత పుట్టిందా అని కళ్లనీళ్లు పెట్టుకుందట. కాలువ సంగతి చెప్పాక ఆవిడే పంచదార డబ్బా పక్కింట్లో దాచి వచ్చిందట. ఆనపకాయ కూర, దోసకాయ ముక్కలు, ఉడికించిన పెసలు, పల్చటి మజ్జిగ, ఇవన్నీ క్యారియర్లో సర్ది ఇచ్చేది. ఆయన నాతోపాటు బస్సులోనే కూర్చుని తినేవారు.

మొదట్లో ఆయన తినే వేగం చూసి నాకు చిరాకేసేది. క్యారియరు మూత తీయడం, ఖాళీ చేయడం, అంతే. మెల్లగా నమలండి అని కసిరాను.

"ఇన్నేళ్లలో నేను అన్నం నమల్లేదు చెల్లెమ్మా, మింగాను. బస్సు టైమైపోతదేమో అని," అన్నారు.

అసలు కష్టం ఆకలి కాదు. దారి పొడుగునా ఆయన నోటికి తెలిసిన చోట్లున్నాయి. ఏలూరు బస్టాండులో మైసూరు బజ్జీ, భీమడోలులో వేడివేడి గారెలు, గూడెంలో పునుగులు. ఏళ్లుగా బస్సు ఆగితే చెయ్యి అటు పోవడమే. ఆ వాసన తగిలిందంటే ఆయన మొహంలో బాధ కనిపించేది. దానికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. బస్సు ఆగగానే ఇనపరాడ్డు పట్టుకుని దిగి, బస్సు చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునీ కొట్టి చూసేవారు. ఒక చుట్టుకి కోరిక తగ్గకపోతే ఇంకో చుట్టు. "కాసేపు ఓర్చుకుంటే అదే పోతదమ్మా. మనం దానితో వాదన పెట్టుకోకూడదంతే," అనేవారు. మా డిపో మొత్తం మీద అన్ని దెబ్బలు తిన్న టైర్లు మా బస్సువే.

ఒకసారి ఏలూరులో మనిషి కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే బజ్జీల బండి వెనక నిలబడి, కాగితం పొట్లం వీపు వెనక్కి దాచారు. నేను బస్టాండు దద్దరిల్లేలా అరిచాను. చుట్టూ జనం ఆగి మా ఇద్దర్నీ మార్చిమార్చి చూశారు.

"కోప్పడకమ్మా. నువ్వు కోప్పడితే ఇంకో రెండు తినాలనిపిస్తది," అన్నారు. తర్వాత బస్సులో కూర్చుని మెల్లగా, "ఈ పూట పోయింది. రాత్రి పూట ఇంకా నా చేతిలోనే ఉంది కదా," అన్నారు. నిజంగానే ఆ రాత్రి పెసల సూపుతో సరిపెట్టుకున్నారట. ఒక పూట తప్పితే రోజంతా వదిలేసేవాళ్లని నేను చాలామందిని చూశాను. ఆయన అలా వదల్లేదు. నెల తిరిగేసరికి చొక్కా వదులైంది. మధ్యాహ్నం పూట ఆవలింతలు పోయాయి.

అప్పుడు మొదలైంది అసలు పీడ. హోటల్ మేనేజరు బస్సు దగ్గరికి వచ్చాడు, చేతులు కట్టుకుని.

"గురువుగారూ, మావల్ల ఏమన్నా పొరపాటు జరిగిందాండీ? లోపలికి రావడం మానేశారు?"

"అబ్బే, అదేం లేదండీ. డాక్టరు తినొద్దన్నాడండీ."

"అయ్యో, మీకు వేరేగా వండిస్తామండీ. నూనె లేకుండా చేయిస్తాను, రండి."

మరోసారి పళ్లెం నిండా వడ్డించి బస్సులోకే పంపారు. మా డ్రైవరు గారు దండం పెట్టి తిప్పి పంపారు. మూడోసారి యజమానే వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో గొలుసు, నోట్లో తేనె. బస్సు మెట్ల మీద నిలబడి అరగంట బతిమాలాడు. ప్రయాణికులు కాకినాడ వెళ్లాలన్న సంగతి ఆయనకి పట్టలేదు. డాక్టరు మాట ఆ మనిషి చెవికి ఎక్కితేనా! డ్రైవరు అన్నం కాదన్నాడంటే భీమడోలు దాటాక కొత్తగా పెట్టిన హోటలు వాళ్లు మనిషిని తమవైపు లాగేసుంటారని ఆయనకి తట్టింది. మా బస్సు ఎప్పట్లాగే ఆయన హోటల్ ముందే ఆగుతోందని కళ్లారా చూస్తూనే తట్టింది. ఇలాంటి తెలివి మనవైపే పుడుతుంది.

ఆ అనుమానం డిపో దాకా పాకింది. యజమాని మా డిపో మొత్తం మీద అలిగాడో ఏమో, మిగతా హైవే డ్రైవర్లకి లోపలి గదిలో చేపల పులుసు ఆగిపోయి పప్పు వస్తోందట. వాళ్లు మా డ్రైవరు గారి మీద పడ్డారు. "నువ్వొక్కడివి నోరు కట్టుకున్నావు, మేమంతా తిండిపోతులమైపోయాం" అని ఒకడు. "ఆయనకి పెద్ద జబ్బట, అందుకే చిక్కిపోయాడు" అని ఇంకొకడు. ఆ మాట ఊళ్లోకి వెళ్లి, చుట్టాలు హార్లిక్సు సీసాలు, మిఠాయి పొట్లాలు పట్టుకుని పరామర్శకి దిగారు. బక్కచిక్కిన మనిషికి బలం రావాలి కదా! నాకు కోపంతో తల తిరిగిపోయింది. మనిషి బాగుపడుతుంటే ఓదార్చడానికి వచ్చే జనం ఇంకెక్కడైనా ఉంటారా?

ట్రాఫిక్ ఇన్‌చార్జి మమ్మల్ని గదిలోకి పిలిచాడు. ఫ్యాను కింద కూర్చుని జీడిపప్పు నములుతూ, "ఒక ముద్ద తింటే ఏం పోతుందండీ? ఆ హోటలు పెద్దమనిషి బాధపడుతున్నాడు," అన్నాడు.

"బస్సు కాలవలోకి పోతుందండీ," అన్నాను.

"మీరు ప్రతిదీ పెద్దది చేస్తారు మేడం," అన్నాడు.

డాక్టరు పిలిచిన రోజు దగ్గర పడింది. సరిగ్గా ఆ వారమే హోటల్ వార్షికోత్సవం వచ్చింది. మేం ఆగేసరికి ముందు షామియానా వేసి ఉంది, అరటాకులు పరిచి ఉన్నాయి. ఆ రోజు ప్రయాణికులందరికీ భోజనం హోటల్ వాళ్లదేనట. జనం సంబరంగా దిగారు. యజమాని వచ్చి మా డ్రైవరు గారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అందరికీ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పాడు. ముందు బల్ల మీద పెద్ద ఆకు. పులిహోర, బూరెలు, గుత్తివంకాయ, చేపల పులుసు, మాంసం, దప్పళం, పెరుగు, ఆకులో పచ్చదనం కనపడకుండా వడ్డించారు. గారెల మీద నెయ్యి కాలువ కట్టింది. అందరి చూపులూ ఆయన మీదే.

"తినండి డ్రైవరు గారూ! ఒక్కరోజుకి ఏమవుద్దండీ!" అని ప్రయాణికులే అరుస్తున్నారు. వాళ్లే. ఆ బస్సెక్కి కాకినాడ వెళ్లాల్సినవాళ్లే!

ఆయన చెయ్యి ఆకు మీదికి వెళ్లింది. నేను ఆయన మొహంలో మొహమాటం చూశాను, దాని కింద ఆకలి కూడా చూశాను. అంతే, నాకు ఎక్కడలేని కోపం తన్నుకొచ్చింది.

"ఆపండయ్యా!" అన్నాను. షామియానా కింద గరిటెల చప్పుడు ఆగిపోయింది. "ఈయనకి ఇలా తినిపించి పంపితేనే మొన్న కైకరం దగ్గర నిద్రపోయారు. కాలవ అంచుకెళ్లి ఆగింది మా బస్సు. ఇంకో అడుగు పడితే అందరం లోపలుండేవాళ్లం. మీకంత ప్రేముంటే మీ పిల్లల్ని తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టండి, అప్పుడు తినిపించండి ఆయనకి!"

యజమాని మొహం మాడిపోయింది. "ఏమ్మా, మేమేం చేశామండీ? అన్నం పెట్టాం. అన్నం పెట్టడం తప్పాండీ?" అని గొంతు వణికించాడు. ఆయనకి నిజంగానే బాధేసిందని ఒప్పుకుంటాను. అంతలోనే తేరుకుని, నెయ్యన్నం తన చేత్తో కలిపి ముద్ద చేసి మా డ్రైవరు గారి నోటి దగ్గర పెట్టాడు. "నా మీద ఒట్టండీ. ఒక్క ముద్ద. నా పరువు నిలబెట్టండి."

మా డ్రైవరు గారు ఆయన మణికట్టు మెల్లగా పట్టుకుని పక్కకి జరిపారు. శాలువా తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టారు. రెండు చేతులతో ఆకు అంచు పట్టుకుని, ఆ నిండు ఆకుని, ఒక్క మెతుకు ముట్టని ఆకుని, మడిచేశారు. అంచుల్లోంచి పులుసు బల్ల మీదికి కారింది. ఎవరో ముసలావిడ "అయ్యయ్యో, అన్నమండీ!" అంది. ఆయన యజమానికి దండం పెట్టి, ముద్ద ముట్టని చెయ్యి కడుక్కుని, బస్సెక్కారు.

ఆ రాత్రి కాకినాడ నుంచి తిరిగొచ్చాం. గూడెం బస్టాండులో జనం దిగాక ఆయన స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చారు. "రైతు కొడుకుని చెల్లెమ్మా. నిండు ఆకు మడిచాను. మా నాన్న చూస్తే నన్ను చంపేసేవాడు." నాకూ ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా కోపంగానే వచ్చింది. ఏ తప్పూ చేయని మనిషి, గూడెంలో బస్సాపుకుని అలా ఏడుస్తుంటే, ఆ పెద్దమనిషి గుండుగొలనులో తన పరువు గురించి ఊరందరికీ చెప్పుకుంటున్నాడు.

డాక్టరు ఆయన్ని త్రాసు ఎక్కించి, దింపి, రెండోసారి మళ్లీ ఎక్కించాడట. ఏం చేశారని అడిగితే, "ఏమీ లేదండీ, తిండి తగ్గించానండీ," అన్నారట మా డ్రైవరు గారు. స్టీరింగు ఆయనకే ఉంటుందని రాసిచ్చాడు.

డిపోకి వచ్చేసరికి మా ఇద్దరికీ హైవే సర్వీసు తీసేశారు. హోటల్ యజమానిని ప్రయాణికుల ముందు అవమానించామని ఫిర్యాదు వెళ్లిందట. నేను సంజాయిషీ ఇచ్చుకున్నాను. మర్యాద తెలియని మనిషినని ఇన్‌చార్జి నా మొహం మీదే అన్నాడు. బరువు తగ్గి, నిద్రమత్తు పోగొట్టుకున్న డ్రైవరుని హైవే మీంచి దింపి, గణపవరం మీదుగా కొల్లేటి ఊళ్లకి వెళ్లే బస్సు మీద వేశారు. అదేదో శిక్షట. ఆయన ఆ గుంటల రోడ్ల మీద, చేపల చెరువుల మధ్య నుంచి మిగిలిన సర్వీసంతా తోలారు. అక్కడా చెరువుల వాళ్లు చేపలు పట్టుకొచ్చి "తీసుకెళ్లండి డ్రైవరు గారూ" అనేవారు. ఆయన దిగి టైర్లు కొట్టుకునేవారు. బరువు మళ్లీ పెరగలేదు.

నేను ఎక్కడికి వెళ్లినా ఇప్పటికీ అడుగుతారు. మీతో చేసినాయనే కదండీ, నిండు ఆకు మడిచేసింది, అని. ఎంత పొగరండీ, అని. కాలువ సంగతి నేను చెబుతూనే ఉంటాను. వాళ్లు తల ఊపి, "అయినా అన్నం కదండీ" అంటారు. ఇక నాకు చిర్రెత్తుకొస్తుంది.

నాకంటే ముందు ఆయనే రిటైరయ్యారు. డిపోలో సభ పెట్టారు. ఇన్‌చార్జి మైకు పట్టుకుని, మన డ్రైవరు గారికి అన్నం మాత్రం ఎవరూ పెట్టకండి, మడిచేస్తారు అని ఛలోక్తి విసిరితే, అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నేను ముందు వరసలో పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. ఆయన్ని మాట్లాడమన్నారు. లేచి, దండ సర్దుకుని, మైకుకి కాస్త దూరంగా నిలబడ్డారు.

"నా బస్సు ఎక్కినవాళ్లందరూ దిగారండీ," అన్నారు. "అంతేనండీ," అని కూర్చున్నారు.

హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చప్పట్లు కొట్టి, భోజనాలకి లేచారు.